మూగజీవి పక్షమున సాక్ష్యము

తనకు జరిగిన అపకారమును సహించుట సాధులక్షణమని పెద్దలందరు చెప్పిరి. ఇతరులకు జరిగిన అపకారమును చూచి సహించుట కూడ సాధులక్షణమే యగునా? ఈ ప్రశ్న పండితసభలలో కంటె పల్లెటూళ్ళలోనే పదునుగా ఎదురగును. అందును ఆ పీడ పడినది నోరులేని పశువైనచో, పీడించినవాడు ఇరుగుపొరుగువాడే యైనచో, ధర్మమెరిగినవాడు కూడ ఒక్కక్షణము తటపటాయించును.

ఒక చిన్న గ్రామమును తలచుకొనవచ్చును. నూరు గడపల ఊరు. ఒకని గేదె పలుపు తెంపుకొని పొరుగురైతు వరిచేలో పడినది. పైరు పోయెనన్న కోపముతో ఆ రైతు గొడ్డలి తీసికొని దాని వెనుకకాలు నరికెను. పొద్దుగ్రుంకకముందే సంగతి ఊరంతకు తెలిసినది. పెద్దలు రచ్చబండ వద్ద కూర్చుండి, గేదె ఖరీదు కట్టి, సగము సొమ్ము ఇప్పించి, ఊరిమాట ఊరిలోనే అణగిపోవలెననియు, ఎవరును పోలీసుస్టేషను గడప తొక్కరాదనియు తీర్మానించిరి. గేదె గలవాడు సమ్మతించెను. నరికినవాడును సమ్మతించెను. దెబ్బతిన్నది మాత్రము కొట్టములో పడి రొప్పుచుండెను.

నిత్యము రామమందిరమునకు పోయి భజనలో కూర్చుండు గృహస్థు ఒకడు ఆ ఘోరమును కన్నులార చూచెను. ఫిర్యాదు చేసినచో పొరుగువాడు కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును. వాని ఆలుబిడ్డలు కన్నీరు పెట్టుకొందురు. కుళాయి వద్ద పలుకరింపులు నిలిచిపోవును. రేపు తన ఇంట శుభాశుభములకు గడప తొక్కువారుండరు. చేయనిచో ఆ మూలుగు చెవులలో మారుమ్రోగుచునే యుండును. వైష్ణవునకు గేదెపై దయ ప్రధానమా, పొరుగువానిపై క్షమ ప్రధానమా?

శ్రీవైష్ణవ సిద్ధాంతమున చేతనాచేతనములన్నియు భగవంతునకు శరీరములు. చీమ మొదలు ఏనుగు వరకు ప్రతి జీవియందును ఆ స్వామియే అంతర్యామియై వెలయుచున్నాడు. ఈ మాటను మందిరములో విని తలయూపి, వీథిలోనికి వచ్చి పశువు దెబ్బను సొమ్ముతో సరిపెట్టుటకు తలయూపుట పొసగదు. ఐనను ఆ స్వామియే గొడ్డలి పట్టినవానియందును అంతర్యామియై యున్నాడు. కావున ప్రశ్న తేలికపడదు, మరింత బరువగును.

ఈ చిక్కును శ్రీమద్భాగవతము ప్రథమస్కంధముననే మన ముందుంచినది. దిగ్విజయమునకు వెడలిన పరీక్షిన్మహారాజు సరస్వతీతీరమున ఒక దృశ్యమును చూచెను. రాజవేషము ధరించిన ఒకడు చేత దండము పూని, తెల్లని వృషభమును, దీనయైయున్న గోవును బాదుచుండెను. వృషభమునకు ఒంటికాలు మాత్రమే మిగిలియున్నది. అది భయముతో వణకుచుండెను. ఆ వృషభమే ధర్మము, ఆ గోవు భూదేవి, కొట్టువాడు కలి. ధర్మమునకు తపస్సు, శౌచము, దయ, సత్యము అని నాలుగు పాదములు. మొదటి మూడును విరిగినవి, సత్యమొక్కటియే నిలిచియున్నది.

రాజు ఆ వృషభమును సమీపించి, నీ కాళ్ళు విరిచినవాడెవడని ప్రశ్నించెను. కొట్టినవాడు ఎదుటనే యున్నను ఆ వృషభము వాని పేరు చెప్పలేదు. దుఃఖమునకు కారణము తానే యని కొందరు, దైవమని కొందరు, కర్మమని కొందరు, స్వభావమని కొందరు అందురనియు, నిర్ణయము రాజే చేసికొనవలసినదనియు పలికెను. ఆ మాట విని పరీక్షిత్తు, నీవు ధర్మదేవతవే కావలెనని గ్రహించి, అధర్మము చేసినవానికి కలుగు గతియే వానిని చూపి చెప్పినవానికిని కలుగునని తెలిసియే నీవట్లు పలికితివని మెచ్చుకొనెను.

ఈ ఒక్కమాటను పట్టుకొని, చాడీలు చెప్పరాదు, నేరము బయటపెట్టరాదు, భాగవతమే అట్లు చెప్పినది గదా యని వాదించువారు కలరు. ఊరిపెద్దలకు ఇట్టి వాదము మిక్కిలి అనుకూలము. కాని కథ అక్కడ ఆగలేదు. అట్లు మెచ్చుకొనిన రాజే మరుక్షణమున కత్తి దూసెను. వృషభము పేరు చెప్పలేదని ఆయన తన త్రోవన పోలేదు. తన రాజ్యమున దుష్టులవలన జీవులు భయపడుచుండగా ఉపేక్షించు రాజునకు కీర్తియు, ఆయువును, ఐశ్వర్యమును, పరమును నశించునని అంతకుముందే ఆయన స్పష్టముగా పలికియుండెను.

ఇందు రెండు ధర్మములు వేరువేరుగా నిలిచినవి. దెబ్బతిన్నవాని ధర్మము ఓర్పు. దెబ్బను చూచినవాని ధర్మము రక్షణ. వృషభము ఓర్చుకొనుట వృషభమునకు శోభ. ఆ ఓర్పును చూచి రాజు కూడ ఓర్చుకొనియున్నచో అది పిరికితనమగును. క్షమించు అధికారము బాధపడినవానిది. చూచినవానికి అది సంక్రమింపదు. పొరుగువాడు తన పొలమునకు గట్టు జరిపినచో ఆ గృహస్థు క్షమింపవచ్చును. అది ఆయన సొత్తు. గేదెకు తెగిన కాలిని ఆయన క్షమింపజాలడు. అది ఆయన కాలు కాదు. గేదె యజమానియు తన నష్టమును వదలుకొనగలడే కాని, గేదె పడిన బాధను వదలుకొనజాలడు.

అది రాజు చేయవలసిన పని. సామాన్యునకు దానితో ఏమి సంబంధమని అడుగవచ్చును. నేడు రాజ్యాంగమే రాజస్థానమున నిలిచియున్నది. 1976లో నలుబదిరెండవ సవరణచే చేర్చబడిన ప్రాథమిక విధులలో, ప్రాణులయెడ దయ కలిగియుండుట ప్రతి పౌరుని విధిగా 51-ఎ అధికరణము పేర్కొన్నది. ఒకనాడు సింహాసనముపై నుండిన కర్తవ్యములో ఒక పాలు నేడు ప్రతి గడపకును పంచబడినది. న్యాయస్థానమునకు దండించు శక్తి కలదు. ఊరిలో జరిగినదానిని చూచు కన్ను లేదు. ఆ కన్ను సాక్షి. దయ యను పాదము విరిగిన చోట ధర్మము సత్యమను పాదముపైననే నిలిచియున్నది. సాక్షి నోరు మూసికొన్నచో ఆ మిగిలిన పాదమును విరిచినవాడగును.

ఆ పరీక్షిత్తు కుమారుడే జనమేజయుడు. మహాభారతము ఆదిపర్వమున ఆయన కురుక్షేత్రమున సత్రయాగము చేయుచున్నప్పటి వృత్తాంతము కలదు. దేవశుని యగు సరమ బిడ్డ ఆ యాగభూమికి వచ్చెను. అది హవిస్సును ముట్టలేదు, దానివంక చూడనైన లేదు. ఐనను జనమేజయుని తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లి కడకు పోయెను. సరమ స్వయముగా యజ్ఞశాలకు వచ్చి, నా బిడ్డ ఏ తప్పును చేయకుండగా ఏల కొట్టితిరని నిలదీసెను. ఎవ్వరును బదులు పలుకలేదు. అప్పుడామె, నిరపరాధిని కొట్టినందున మీకు కానరాని భయము కలుగుగాక యని పలికి వెడలిపోయెను. ఆ మాటకు కలతచెందిన జనమేజయుడు, శాంతి చేయింపగల పురోహితునికై వెదకుకొనవలసివచ్చెను.

తండ్రి ఒక వృషభమునకై కత్తి దూసిన వంశమది. ఆ వంశమువారే ఒక కుక్కపిల్లను కొట్టి మౌనము వహించిరి. దయ వంశపారంపర్యముగా రాదు. ప్రతి తరమును దానిని తిరిగి నేర్వవలెను. ఇందు మరొక విశేషము కలదు. సరమ శపించినది దెబ్బ తగిలిన వెంటనే కాదు. ఆమె మొదట ప్రశ్నించెను. సభ మౌనముగా నుండెను. ఆ మౌనము తరువాతనే శాపము వెలువడెను. ఎవరైన ఒకరు లేచి, అవును, తప్పు జరిగినదని పలికియున్నచో కథ మరొక విధముగా నడచెడిదేమో! మన ఊళ్ళలోని పశువులకు సరమవలె సభకు వచ్చి అడుగు నోరు లేదు. వాటి తరఫున అడుగువాడు ఒక మనుష్యుడే కావలెను.

అడుగుటకు త్రోవ చట్టము కల్పించినది. 1952లో రాజ్యసభకు నియమితురాలైన రుక్మిణీదేవి అరండేల్ జంతుహింసా నివారణమునకై బిల్లు ప్రతిపాదించి ఉద్యమించిరి. ఆ కృషి వెనుక నిలువగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే అధ్యక్షురాలైరి. ఆ చట్టము పదునొకండవ సెక్షను కొట్టుట, తన్నుట, మితిమీరిన బరువు మోయించుట, జబ్బుపడిన పశువుచే పని చేయించుట మున్నగువానిని నేరములుగా చెప్పినది. యజమాని తన సొంత పశువునే హింసించినను అది నేరమే. 1965లో వచ్చిన నియమములు బండికి కట్టు పశువులచే దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదనియు, ముప్పదియేడు డిగ్రీల వేడి మించిన చోట మిట్టమధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటల వరకు బండి తోలరాదనియు, మేకులు దిగగొట్టిన ముల్లుకర్ర వాడరాదనియు విధించినవి.

ఆ చట్టమున మొదటి నేరమునకు జరిమానా పది రూపాయలకు తగ్గకుండ, ఏబది రూపాయలకు మించకుండ నిర్ణయించిరి. నేడు ఆ సొమ్మునకు విలువ స్వల్పము. ఐతే కాళ్ళు నరకుట, విషము పెట్టుట వంటి ఘోరములకు వేరొక చట్టము కలదు. పాత శిక్షాస్మృతి 428, 429 సెక్షనులలో ఆవు, ఎద్దు, గేదె వంటివి గాక ఇతర జంతువుల విషయమున పది రూపాయలు, ఏబది రూపాయలు అని పశువు ఖరీదును బట్టి శిక్ష మారెడిది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షనులో ఆ ఖరీదు లెక్క తొలగిపోయినది. ఏ జంతువునైనను దుష్టబుద్ధితో చంపినను, విషము పెట్టినను, అంగవైకల్యము కలిగించినను ఐదేండ్ల వరకు కారాగారము గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. వీథికుక్కకును, మేలుజాతి ఎద్దునకును నొప్పి ఒక్కటియే యని చట్టము ఇప్పటికి గుర్తించినట్లయినది.

ఇందు కాలనియమము కూడ కలదు. 1960 చట్టము క్రింద నేరము జరిగిన మూడు నెలలలోపుగనే కేసు దాఖలు కావలెను. చూతము, పండుగ పోనిండు, కోతలు కానిండు అని వాయిదా వేయువారి మంచితనము మూడు నెలలలో నిందితునకు రక్షణగా మారిపోవును. గాయము మానకముందే పశువైద్యుడు చూచి వ్రాసి యిచ్చిన కాగితము, చూచినవారి మాట, జరిగిన దినము, వేళ — ఇవి లేనిచో సత్యమున్నను నిలువదు.

ఇంతమాత్రమున ప్రతి చిన్నవిషయమునకును స్టేషనునకు పరుగెత్తవలెనని కాదు. చిన్న ఊరిలో ఫిర్యాదు రెండంచుల కత్తి. పొలముగట్టు తగవునో, పాత కక్షనో, ఎన్నికల వైరమునో మనసున పెట్టుకొని పశువు పేర పగ తీర్చుకొనువాడును కలడు. అట్టివానికి పశువు మరల ఒక ఆయుధము మాత్రమే; వానియందును, గొడ్డలి పట్టినవానియందును భేదము స్వల్పము. పరీక్షిత్తు చెప్పిన మాట, చూపి చెప్పినవానికిని పాపి గతియే యన్నది, ఇట్టివానికి చక్కగా వర్తించును. కావున ఫిర్యాదు చేయబోవువాడు తన మనసును తానే ఒకమారు ప్రశ్నించుకొనవలెను: ఈ పని నా తమ్ముడు చేసియున్నను నేనిట్లే పోయెడివాడనా? పోయెడివాడనని నిజముగా చెప్పగలిగినచో అడుగు ముందునకు వేయవచ్చును.

పేదరికమువలనను, తెలియమివలనను జరుగు హింస వేరు. తెలిసి కసితో చేయు హింస వేరు. దినకూలికై బండి తోలువాడు నడిమధ్యాహ్నము బరువు లాగించుచున్నచో, వానికి ముందుగా ఒక చెట్టునీడను, ఒక కుండెడు నీళ్ళను, నియమమిట్లున్నదని ఒక మంచిమాటను ఇచ్చుట ధర్మము. బరువు తగ్గించుకొన్నందున పోవు కూలిని గూర్చి కూడ వానితో మాటాడగలవాడే వానికి హితము చెప్ప తగినవాడు. చేలో పడిన పశువు విషయమున రైతు గోడును నిజమైనదే. దానికి పూర్వమే త్రోవ కలదు. 1871 నాటి పశువుల అక్రమప్రవేశ చట్టము, చేలో పడిన పశువును పట్టి ఇరువదినాలుగు గంటలలోపుగ బందెలదొడ్డికి తోలు హక్కును రైతునకు ఇచ్చినది. విడిపించుకొనుటకు యజమాని రుసుము కట్టవలెను. పంటకు విలువ కట్టి రాబట్టుకొనవచ్చును. నేడు పెక్కు ఊళ్ళలో బందెలదొడ్డి గోడలు కూలియున్నచో, వానిని మరల నిలబెట్టించుట పంచాయతి చేయదగిన పుణ్యకార్యమే. త్రోవ లేనివాడే గొడ్డలి పట్టెనని చెప్పుకొనుటకు అప్పుడు వీలుండదు.

విచారణ యెట్లుండవలెనో శ్రీరామచంద్రుని సభ చూపినది. ఉత్తరకాండమున ప్రక్షిప్తములుగా ఎంచబడు సర్గలలో, తల పగిలిన కుక్క ఒకటి రాముని వాకిటికి న్యాయము కోరి వచ్చిన కథ ప్రసిద్ధము. స్వామి దానిని లోనికి రప్పించెను. కొట్టిన బ్రాహ్మణుని కూడ పిలిపించి, ఏల కొట్టితివని అడిగెను. భిక్షకై తిరిగి తిరిగి ఆకలిగొని యుంటిననియు, త్రోవకు అడ్డుగా నున్నందున కోపము వచ్చి కొట్టితిననియు అతడు ఒప్పుకొనెను. ఇరుపక్షముల మాట విన్న తరువాతనే తీర్పు. కుక్క మాటకు రాజసభలో చోటుండెను. కొట్టినవాని ఆకలికిని చోటుండెను. రచ్చబండ తీర్మానమునకును, ధర్మబద్ధమైన విచారణకును ఇదియే భేదము. ఫిర్యాదు చేసిన గృహస్థు శిక్ష విధించుట లేదు. విని తేల్చువారి ముందు సత్యమును ఉంచుచున్నాడు. అంతకుమించి చేయి సాచి, ఊరివారిని కూడగట్టి కొట్టించుట, వెలివేయించుట, వాని పిల్లలను బడిలో ఎగతాళి చేయించుట ధర్మము కాదు.

శిక్ష మితిమీరిన నేమగునో అదే పరీక్షిత్తు జీవితము తెలుపుచున్నది. దప్పిగొని వచ్చిన ఆ రాజు, ధ్యానమున నున్న శమీక మహర్షి పలుకలేదని అలిగి, చచ్చిన పామును ఆయన మెడలో వేసెను. మహర్షి కుమారుడైన శృంగి కోపించి, ఏడవనాడు తక్షకుని కాటున చచ్చునట్లు శపించెను. కుమారుని చేతకు శమీకుడు సంతోషింపలేదు. స్వల్పాపరాధమునకు ఇంత ఘోరశిక్షయా యని దుఃఖించెను. కలిని సైతము పరీక్షిత్తు చంపలేదు. కాళ్ళపై బడినవానిని విడిచి, వానికి హద్దులు గీచెను. దండించుటలో ఆ సంయమము అవసరము.

ఈ విషయమున తిరుమల యాత్రికులకు అన్నింటికంటె చేరువైన కథ వేంకటాచల మాహాత్మ్యమున కలదు. శ్రీనివాసుడు పుట్టలో నుండగా, చోళరాజు మందలోని ఆవు దినదినము ఆ పుట్టపై పాలు కురిసెడిది. ఇంట పాలు తగ్గినవని రాణి గొల్లవానిపై కోపించెను. ఆ కోపమును గొల్లవాడు ఆవుపైకి త్రిప్పెను. మరునాడు ఆవు వెంట పోయి, పుట్టపై పాలు కురియుట చూచి గొడ్డలి ఎత్తెను. ఆ వేటు ఆవుపై పడలేదు. స్వామి పుట్టనుండి పైకి లేచి తన శిరస్సుపై దానిని ధరించెను. రక్తము ఎగజిమ్మెను. అది చూచి గొల్లవాడు కూలిపోయెను.

ఒక పశువునకై ఎత్తిన గొడ్డలి ఎవరికి తగులునో ఇంతకంటె స్పష్టముగా చెప్పు కథ మరొకటి అక్కరలేదు. తరువాత రాజు వచ్చెను. స్వామి రాజును శపించెను. నేనేమి చేసితినని రాజు వేడుకొనెను. సేవకుని తప్పు ఏలికను విడువదని సమాధానము. కోపము రాణినుండి గొల్లవానికి, గొల్లవాని నుండి ఆవునకు మెట్టుమెట్టుగా దిగినది. బాధ్యత మాత్రము పైకి ప్రాకినది. ఊరిలో గేదె కాలు తెగినచో అది ఒక్క రైతు తప్పుగా మిగిలిపోదని, చూచి సరిపెట్టిన పెద్దలకును అందు పాలు కలదని దీనివలన తెలియుచున్నది.

కథ శాపముతో ముగియలేదు. స్వామిని మొదట చూచినవాడు ఆ గొల్లవాడే యగుటచే, ఆ వంశమునకు తొలిదర్శన భాగ్యము లభించెనని భక్తులు చెప్పుకొందురు. నేటికిని తిరుమలలో సుప్రభాతవేళ బంగారువాకిలి తెరచునప్పుడు సన్నిధి గొల్ల దివిటీ పట్టి ముందు నడచును. గొడ్డలి ఎత్తినవాని కులమును స్వామి వెలివేయలేదు. తన వాకిటనే నిలుపుకొనెను. తప్పు తప్పుగా తేలినది. ఫలము అనుభవమునకు వచ్చినది. ఆ తరువాత ద్వారము తెరచుకొన్నది. తప్పును దాచిపెట్టి తెరచిన ద్వారము కాదది.

ఆ చిన్న గ్రామపు గృహస్థు చేయదగినది ఇప్పుడు స్పష్టము. ముందుగా గేదెకు వైద్యము చేయింపవలెను. పొరుగువాని ఇంటికి స్వయముగా పోయి, చూచినది చూచినట్లు చెప్పబోవుచున్నానని ముఖాముఖిగా తెలుపవలెను. చాటుగా చెప్పు మాటయే చాడీ. పిదప ఒక అక్షరము కలుపక, ఒక అక్షరము దాచక సాక్ష్యమీయవలెను. కేసు నడచుచుండగా వాని చేను కోతకు వచ్చి కూలీలు దొరకనిచో కొడవలి తీసికొని పోవలెను. వాని ఇంట జబ్బుపడినవారున్నచో పలుకరింపవలెను. వాడు తలుపు వేసికొన్నను నొచ్చుకొనరాదు. శిక్ష తీరి వచ్చిననాడు భజనలో తన ప్రక్కన చాప పరచవలెను. ఇది కష్టము. స్టేషనునకు పోవుట ఇందులో సులభమైన సగము మాత్రమే.

దయ, క్షమ అను రెండును ఒకే హృదయమున పుట్టినవి. గేదెకు దయ చూపుట సత్యము పలుకుటవలన. పొరుగువానికి క్షమ చూపుట ద్వేషము మానుటవలన. ఒకదానికొరకు మరొకదానిని బలి యీయవలసిన పని లేదు. మూగజీవి వేటును తన శిరస్సున ధరించిన ఆ వేంకటాచలపతి, చూచినవారికి చెప్పు ధైర్యమును, చెప్పినవారికి ద్వేషము లేని మనసును ప్రసాదించుగాక!